అమ్మమ్మ చెప్పే జరిగిన కథ

తెలుగువాళ్ళ ఇళ్ళల్లో రెండు రకాల కథలు పక్కపక్కనే పెరిగాయి. మొదటిది అనగనగా ఒక రాజుతో మొదలై కంచికి చేరే కథ. రెండోది నిజంగా జరిగిన కథ: సంతలో పిల్లాడు తప్పిపోయి దొరికిన రోజు, ఆఖరి బస్సు వెళ్ళిపోయిన రాత్రి, గేదె పలుపు తెంపుకుని పక్క ఊరి చేలో పడిన మధ్యాహ్నం. రాజుల కథల్ని పండితులు సేకరించారు, పత్రికలు అచ్చువేశాయి. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ అలాంటి కథల్ని ఇంటింటికీ చేర్చింది. జరిగిన కథల్ని మాత్రం చాలామంది కబుర్ల కింద జమకట్టి వదిలేశారు. పెద్దావిడ ఊసుపోక ఏదో చెబుతోందిలే అన్నారు.

ఆ మాట నేను ఒప్పుకోను. తనకు ఎదురైన చిన్న సంగతిని పదిమంది ముందు కూర్చుని కథగా చెప్పడం ఒక విద్య. అమ్మమ్మలు, నాయనమ్మలు దాన్ని వాళ్ళ పెద్దవాళ్ళ దగ్గర వింటూ వింటూ నేర్చుకున్నారు. ఆ విద్యకు పద్ధతులున్నాయి, మెలకువలున్నాయి. వాటిని గుర్తుపట్టగలిగితే అవతల మనిషి చేస్తున్న పని ఎంత గొప్పదో తెలుస్తుంది.

ఎత్తుగడ

జరిగిన కథకు తేదీ ఉండదు, గుర్తు ఉంటుంది. “గాలివాన వచ్చిన ఏడు”, “మీ పెద్దమామయ్యకు పుట్టువెంట్రుకలు తీయించిన ఎండాకాలం”, “మిరపకోతలు సగంలో ఉండగా” అంటూ కథ మొదలవుతుంది. దివిసీమ పెద్దవాళ్ళకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అలాంటి గుర్తు. ఏ పెళ్ళి మాట వచ్చినా, ఏ పురుడు మాట వచ్చినా అది ఉప్పెనకు ముందా, తర్వాతా అన్నది తేలాలి. డబ్బు లెక్క కూడా కాలాన్ని పట్టిస్తుంది. అణాలు, బేడల్లో సాగే కథ 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందుదో, వచ్చిన కొత్తలోదో అయివుంటుంది.

మనిషిని కథలోకి తెచ్చే తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. పేరు చివర్లో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. ముందు ఇల్లు, తర్వాత చుట్టరికం. “బావి పక్కన పెంకుటింటావిడ లేదూ, ఆవిడ తోటికోడలి తమ్ముడు” అంటే వినేవాళ్ళకు ఆ మనిషి ఎక్కడివాడో, ఎవరికి ఏమవుతాడో, అతనితో ఎంత చనువుగా మాట్లాడవచ్చో ఒక్కసారే తెలిసిపోతుంది. మేనత్త, పినతల్లి, వియ్యపురాలు, ఆడపడుచు అన్న వరసలు పిల్లలకు పట్టుబడేది ఇలాగే. దారి కూడా అంతే. చెరువుగట్టు దాటడం, రావిచెట్టు దగ్గర ఎడమచేతికి తిరగడం, కాలువ వంతెన మీద చెప్పులు చేత పట్టుకోవడం. ఊరు ఎన్నడూ చూడని మనవడికి కూడా నాలుగు కథలు వినేసరికి దారులు కంఠతా వచ్చేస్తాయి.

తిరునాళ్ళలో మారిన క్యారేజీ

మా అమ్మమ్మది పల్నాడు. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండలో శివరాత్రికి పెద్ద తిరునాళ్ళు జరుగుతాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరి ప్రభ వాళ్ళు కట్టుకుని తెస్తారు. ఆకాశాన్నంటేంత ఎత్తున, రంగులతో, దీపాలతో నిలబడే ఆ ప్రభలను చూడడానికే వెళ్ళేవాళ్ళు ఎందరో. అమ్మమ్మ తరచుగా చెప్పే కథ ఆ తిరునాళ్ళలో జరిగింది.

కథ తెల్లవారుజామున వంటింట్లో మొదలవుతుంది. ఉపవాసం పెద్దవాళ్ళకే గనుక పిల్లల కోసం పులిహోర కలిపి ఇత్తడి క్యారేజీలో సర్దుతుంది. క్యారేజీ గిన్నెలు ఊడిపోకుండా పిడిలో చెంచా దూరుస్తారు కదా, ఆ చెంచా ఎప్పుడో పోయింది, బదులుగా వెదురుపుల్ల పెట్టింది. ఈ ముక్క యథాలాపంగా అనేసి బండి ఎక్కేస్తుంది. దారిలో బోరింగు దగ్గర నీళ్ళకోసం చాలా బండ్లు ఆగాయి, పిల్లలు దిగారు, సామాను దించారు, ఎక్కించారు. కొండ దగ్గరికి చేరాక ఆమె మాటల్లోనే వినాలి:

“బండి దిగాం. దిగి, చెట్టుకింద బొంత పరిచి, పిల్లల్ని కూచోబెట్టి, క్యారేజీ ముందుకు లాక్కున్నానా... పుల్లకోసం తడిమితే పుల్ల లేదు, చెంచా ఉంది!”

ఈ రెండు వాక్యాల్లో ఎంత పనితనముందో చూడండి. “దిగాం” అని ఒక వాక్యం ముగించి, “దిగి” అంటూ అదే క్రియతో తర్వాతి వాక్యం అందుకుంది. ఆ ఒక్క మాట తిరిగి పలికే లోపు వినేవాళ్ళు బండి దిగి ఆమె పక్కన నిలబడతారు. తర్వాత పరిచి, కూచోబెట్టి అని అసమాపక క్రియలు వరసగా వచ్చాయి. తెలుగు వాక్యంలో అసలు క్రియ చివర్లో ఉంటుంది కాబట్టి, అది వచ్చేదాకా ఏం జరిగిందో తేలదు. ఆమె ఆ ఆలస్యాన్ని చేతిలో పెట్టుకుని ఆడించింది. “లాక్కున్నానా” అని దీర్ఘం తీసి ఆగింది. అక్కడ ఎవరైనా “ఊ” అనాల్సిందే, లేకపోతే కథ కదలదు. పొద్దున వంటింట్లో తేలిగ్గా జారవిడిచిన వెదురుపుల్ల ఇప్పుడు పనికొచ్చింది. “క్యారేజీ మారిపోయింది” అని ఆమె ఎక్కడా చెప్పదు. వినేవాళ్ళే కనిపెట్టి కేక వేస్తారు.

పిల్లలు ఆకలికి ఆగలేక ఆ పరాయి క్యారేజీలోని దద్దోజనం తినేశారు. మూతమీద పేరు చెక్కి ఉంది. అమ్మమ్మకు చదువు రాదు. చెరకు అమ్ముకునే కుర్రాడిచేత చదివించింది. ఆ ఇంటిపేరు వాళ్ళు ఫలానా ఊళ్ళో ఉంటారని బండి తోలే మనిషి చెప్పాడు. ఊరు తెలిస్తే చాలు, ఆ ఊరి ప్రభ ఎక్కడుందో చూసుకుంటే మనుషులు దాని చుట్టే ఉంటారు. ఆ జనంలో ప్రభ ప్రభకూ తిరిగిన ఘట్టం వచ్చినప్పుడు, తిక్కలోడు తిరునాళ్ళకెళితే ఎక్కా దిగా సరిపోయిందన్న సామెత ఒకటి వేసి తన అవస్థకు తానే నవ్వేది. చివరికి ఆ ఊరి ప్రభకింద ఒకావిడ కనిపించింది. ఒళ్ళో క్యారేజీ, వెదురుపుల్ల తీయకుండా అలాగే ఉంది. “పుల్ల చూడగానే మాది కాదని తెలిసింది. పరాయి సొత్తు ఎట్లా తెరుస్తాం?” అన్నదావిడ. ఆవిడ పిల్లలు అప్పటిదాకా ఆకలితోనే ఉన్నారు. అమ్మమ్మ తల వంచుకుని తన పిల్లలు తినేశారని చెప్పింది. ఆవిడ వెంటనే “పసిపిల్లలు తినక ఏం చేస్తారు, మా వాళ్ళూ మీది తింటార్లే” అని పుల్ల తీసింది.

ఈ కథకు నీతివాక్యం ఉండేది కాదు. “ఆ ఏడు నుంచీ శివరాత్రికి మా రెండు బండ్లూ ఒకే చెట్టుకింద ఆగేవి” అన్న మాటతో అయిపోయేది. ఏం నేర్చుకోవాలో వినేవాళ్ళకు వదిలేసే నమ్మకం ఆ ముగింపులో ఉంది.

పిల్లలకు ఇలాంటి కథను అందుకునే నేర్పు ఎక్కడిది? ఏడు చేపల కథ నుంచే. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు కారణం, గడ్డిమోపుకు ఆవు కారణం, అలా వెనక్కి వెనక్కి నడుస్తూ చీమదాకా వెళ్ళే ఆ కథ, ప్రతిదానికీ “ఎందుకు?” అని అడగడం మూడేళ్ళ వయసులోనే నేర్పుతుంది. ఆ అలవాటున్న చెవికి క్యారేజీ ఎందుకు మారింది, బండ్లు ఎందుకు ఆగాయి, చెంచా ఎందుకు పోయింది అన్నవన్నీ కావాలి. రాజుల కథ, జరిగిన కథ ఒకదానికొకటి తోడు.

ఊ కొట్టేవాళ్ళ వాటా

ఈ కథలు ఒక్కరు చెప్పేవి కావు. “ఊ” అన్న మాట కథకు తాళం. అది మందకొడిగా పడితే చెప్పే మనిషి ఘట్టం మార్చేస్తుంది, ఆత్రంగా పడితే ఇంకాస్త సాగదీస్తుంది. నడుమ దారి తప్పి వేరే సంగతిలోకి వెళ్ళి, “ఎక్కడున్నాం?” అని పిల్లల్నే అడుగుతుంది. బోరింగు దగ్గర అని ఎవరో అందిస్తారు. కథ ఎక్కడ ఆగిందో గుర్తుంచుకునే పని అలా పిల్లలకు అప్పగించడమూ ఒక మెలకువే.

చేతిలో పని కూడా కథలో భాగమే. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, చింతపండులో గింజలు ఏరడం, దీపారాధనకు వత్తులు చేయడం. పని ఎంతుంటే కథ అంత. తెలంగాణలో బతుకమ్మ పేర్చడానికి గునుగు, తంగేడు పూలు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఎన్నో ముచ్చట్లు ఇలాగే నడుస్తాయి. చెప్పే మనిషి చూపు పనిమీద ఉంటుంది గనుక వినేవాళ్ళకూ బెరుకుండదు, చెప్పేవాళ్ళకూ బెరుకుండదు. ఎదురుగా కూర్చుని అడిగితే రాని బాధలు కూడా ఆ పని చాటున మెల్లగా బయటికొస్తాయి.

వినేవాళ్ళను బట్టి కథ మారుతుంది. అదే క్యారేజీ కథ మనవడికి చెబితే ప్రభల ఎత్తు, చెరకు కుర్రాడి ధాటి పెరిగేవి. కొత్త కోడలికి చెబితే ఆ రెండో ఆవిడ పెద్దమనసు దగ్గర ఎక్కువసేపు ఆగేది. జరిగింది ఒకటే, ఎవరికి ఏది కావాలో చూసి వడ్డించేది.

అచ్చులోకి వచ్చిన గొంతు

తెలుగు కథాసాహిత్యం ఈ గొంతుకు చాలా రుణపడి ఉంది. మునిమాణిక్యం నరసింహారావు ‘కాంతం కథలు’, పురాణం సుబ్రహ్మణ్య శర్మ ‘పురాణం సీత’ పేరుతో రాసిన ‘ఇల్లాలి ముచ్చట్లు’ ఇంటి మాటల్లోంచి పుట్టినవే. నటి, గాయని, దర్శకురాలు భానుమతీ రామకృష్ణ ‘అత్తగారి కథలు’ మరీ దగ్గరివి. మడి, ఆవకాయ, ఇంటి పనివాళ్ళు, చిన్న చిన్న పట్టుదలలు, వాటివల్ల వచ్చే పెద్ద పెద్ద చిక్కులు అన్నీ ఒక పెద్దావిడ చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఆ కథలు భానుమతికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ గౌరవం తెచ్చాయి. చిత్తూరు జిల్లా పల్లె మాటను మాటగానే కాగితం మీద పెట్టిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన పుస్తకాల్లో ఒకదానికి ‘మా అమ్మ చెప్పిన కతలు’ అనే పేరు పెట్టారు.

చరిత్ర రాసేవాళ్ళు కూడా ఈ గొంతు దగ్గరికి రాక తప్పలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళలను కలిసి, వాళ్ళు చెప్పింది విని, స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వెలువరించింది. అంతకుముందు పోరాట చరిత్రలో అంతగా కనబడని అన్నం, పసిబిడ్డలు, భయం, అడవిలో నడక, ఇంటికి తిరిగొచ్చాక ఎదురైన చిన్నచూపు అన్నీ ఆ మాటల్లో ఉన్నాయి.

ఎందుకు దాచుకోవాలి

మొదటిది, మాట. గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం అన్న కొలతలు ఇప్పుడు నిఘంటువులో దొరుకుతాయి. కానీ నాలుగు సోలల బియ్యం ఒక మానిక అని, పెళ్ళివారు దిగితే ఎన్ని కుంచాలు పొయ్యిమీదికి ఎక్కాలో అమ్మమ్మ కథలోనే తెలుస్తుంది. పనిముట్లు, నగలు, జబ్బులు, వానల రకాలు వీటన్నిటి పేర్లూ కథలో వాడుకతో సహా వస్తాయి.

రెండోది, పిల్లల మనసు. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ 20 ప్రశ్నలు తయారుచేసి, పిల్లలకు తమ కుటుంబ సంగతులు ఎంతవరకు తెలుసో పరిశీలించారు. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ బతుకు తమ చేతిలో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. పిల్లలకు కథ చెప్పగానే ధైర్యం వచ్చేస్తుందని దీని అర్థం కాదు. కలిసి కూర్చుని చెప్పుకునే ఇల్లే వాళ్ళకు బలం. పురుడు పోయడానికి డాలస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్ళి ఆరునెలలు ఉండే అమ్మమ్మలకు అక్కడా కొత్త సాహసాలు ఎదురవుతాయి. పార్కులో పరిచయమైన గుజరాతీ ముసలావిడతో భాష లేకుండా నడిపిన స్నేహం కూడా జరిగిన కథే. అక్కడి పిల్లలకు అది మన ఊరి కథంత అవసరం.

మూడోది, అమ్మమ్మ గౌరవం. జీవితమంతా ఒకరి కూతురుగా, ఒకరి భార్యగా, ఒకరి తల్లిగా పిలిపించుకున్న మనిషి, తన కథలో తాను నాయిక. దారి వెతికింది ఆమె, నిర్ణయం తీసుకుంది ఆమె, తప్పొప్పుకుంది ఆమె.

అడగడం ఎలా

“నీ జీవితం గురించి చెప్పు” అంటే ఎవరూ చెప్పలేరు. “చెప్పడానికేముందిలే” అనేస్తారు. వస్తువు పట్టుకుని అడగాలి: ఈ గిన్నెమీద ఎవరి పేరుంది? ఈ నగ ఎప్పుడు తాకట్టు పెట్టారు? దారి పట్టుకుని అడగాలి: మొదటిసారి ఒంటరిగా ఎక్కడికి వెళ్ళావు, ఎవరు తోడొచ్చారు? ఆమె పనిలో ఉన్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చుని మీరూ నాలుగు చిక్కుడుకాయలు వలవాలి. ఫోనులో రికార్డు పెడితే ముందే చెప్పి, ఒప్పుకున్నాకే పెట్టాలి. ఏడాదులు సరిచేయబోవద్దు, నడుమ అడ్డం తగలవద్దు. రాసేటప్పుడు ఆమె “కూచున్నా” అంటే “కూర్చున్నాను” అని దిద్దవద్దు. విన్న కథే మళ్ళీ చెబుతోందని విసుక్కోవద్దు. ఈసారి ఎక్కడ ఆగిందో, ఏది కొత్తగా చేర్చిందో గమనిస్తే, అప్పటిదాకా చెప్పని సంగతి అక్కడే దొరుకుతుంది.

ఆ తర్వాత మీ వంతు. విన్న కథను మీ పిల్లలకు మీ గొంతుతో చెప్పండి. మొదట్లో తడబడతారు, మధ్యలో ఏదో మరిచిపోతారు, పిల్లలు అందిస్తారు. అమ్మమ్మ కూడా ఒకప్పుడు ఎవరి దగ్గరో కూర్చుని ఊ కొట్టిన పిల్లే. ఈ విద్య నేర్పే బడి వేరే లేదు, ఇంట్లో వినేవాళ్ళు ఉన్నంతకాలం అది బతికే ఉంటుంది.