నంద్యాల, ఆళ్లగడ్డ: గ్రామనామములందలి సమాసవిచారము

2022వ సంవత్సరమున జిల్లాకేంద్రమైన నంద్యాల పేరును నంది, ఆలయ శబ్దముల సమాసముగాఁ జెప్పుట పండితులలోఁ బరిపాటి. ఊరిలోఁ బ్రథమనంది, నాగనంది, సోమనందియుఁ, జేరువను మహానందియు వెలసియుండుటచే నీ వ్యుత్పత్తి నమ్మఁదగినదిగాఁ దోఁచును.

యణాదేశముచే "నంద్యాలయ" రూపము సిద్ధించును. అందు దోషము లేదు. చిక్కు తుదియందున్నది. తత్సమమైనచో "నంద్యాలయము" కావలెను. తద్భవమందురేని, దేవాలయశబ్దము "దేవళ"మైన తీరు చూడవలెను. అందు దీర్ఘము హ్రస్వమై, లకారము ళకారమై, మువర్ణకము నిలిచినది. నంద్యాలలో నీ మూఁటిలో నొక్కటియు లేదు.

అదియునుగాక, యాలాంతములైన యూళ్లు తెనుఁగుదేశమునఁ బెక్కులు: చిట్యాల, చేర్యాల, జగిత్యాల, మంచిర్యాల. ఆలయపక్షమే యంగీకరించినచోఁ జిట్యాలలోఁ జిటి యను దేవతను వెదకవలసివచ్చును! నందికి నిజముగా గుడి యుండుటచేతనే యిచట నాలయము సులభముగా నిమిడినది. నంది, ఆల యని విడఁదీసినను యడాగమమున "నందియాల"యై, యుచ్చారణమున నికారము జాఱి నంద్యాల యగును. కావున యకారము రెండు పక్షములకును సమానసాక్షి. పూర్వపదము నంది యనుట కభ్యంతరము లేదు. ఉత్తరపదమును మాత్రము తక్కిన యాలాంతనామములతోఁ గలిపి విచారింపవలెనే కాని, యొంటిగాఁ దీసి సంస్కృతమునకుఁ గట్టిపెట్టరాదు.

ఆళ్లగడ్డ పేరు సుకరము. ఆళ్లనఁగా నారికలు, మెట్టధాన్యము. బహువచనమున నౌపవిభక్తికరూపము "ఆళ్ల" యగును. గడ్డ నేలకుఁ బేరు, తెనుఁగుగడ్డ యనుటలో వలె. ఆళ్లు పండు నేల యను నర్థము వ్యాకరణమునకుఁ గుదురును. చరిత్రమును నదియే యనుటకుఁ బూర్వలేఖనములందలి రూపములు కావలెను. వ్యాకరణము సాధుత్వమును జెప్పును గాని పుట్టుకను జెప్పదు.

ఆళ్లగడ్డకుఁ జేరువనున్న యహోబిలము మఱియొక తీరు. "అహో" యను నాశ్చర్యార్థకావ్యయము పూర్వపదమైన నామములు మిక్కిలి యరుదు. నరసింహుని బలమును గని దేవతలు పలికిన మాట యనువారు అహోబల మందురు. గుహను బట్టి చెప్పువారు బిల మందురు. వ్రాఁతలో రెండును గలవు. జనుల పేళ్లను విచారింపుఁడు: ఓబళ, ఔబళ యనుచో నికారపు జాడ లేదు. ఆంధ్రశబ్దచింతామణికి వ్యాఖ్య రచించిన యహోబలపండితుని పేరును బలపక్షముననే యున్నది.