విప్పడానికి వీలుగా చేసిన వాద్యం

పాత ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌ని బోర్లించి చూడండి. మెడ వచ్చి ఒంటితో కలిసేచోట చిన్న లోహపు పలక, దాని మీద నాలుగు స్క్రూలు కనిపిస్తాయి. వాటిని తీస్తే వాద్యం రెండు ముక్కలవుతుంది. మళ్ళీ బిగిస్తే ఎప్పటిలాగే పలుకుతుంది. మన బొబ్బిలి వీణది దీనికి ఎదురు దారి. అక్కడ కుండ, దండి ఒకే పనస దుంగలోంచి తొలిచి తీస్తారు. అతుకు లేకపోవడమే ఆ పనివాళ్ళ గర్వం. బేస్ గిటార్ గొప్పదనం మాత్రం అతుకులోనే ఉంది. ఏ భాగం అరిగితే ఆ భాగాన్ని తీసి మెరుగైనది పెట్టుకోవడానికి పుట్టుకలోనే వీలు కల్పించిన వాద్యమిది. అందుకే నలభై ఏళ్ళ నాటి బేస్‌కి శ్రుతి సరిచేసే కొత్త కీలు, బ్రిడ్జి, పికప్ వేసి నిలబెట్టే పనిని ఉత్త మరమ్మతు అనడానికి నాకు మనసొప్పదు. వాద్యాన్ని చేసినవాడి ఆలోచనను ముందుకు నడిపించే పని అది.

ఆ ఆలోచన లియో ఫెండర్‌ది. ఆయన చదివింది అకౌంట్స్, బతుకుతెరువు రేడియోల మరమ్మతు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో దుకాణం తెరిచాడు. గిటార్ వాయించడం ఆయనకు రాదు. కానీ పాడైన వస్తువు బల్ల మీదికి వచ్చినప్పుడు లోపలి భాగం ఎంత సులువుగా చేతికందాలో బాగా తెలుసు. 1951లో ఆయన ప్రెసిషన్ బేస్ తెచ్చేదాకా మనిషి ఎత్తును మించిన డబుల్ బేస్‌ని నిలబెట్టి వాయించడమే లోకానికి అలవాటు. ఆయన దాన్ని భుజాన వేలాడేంత చిన్నది చేసి, తీగ పొడవును 34 అంగుళాలకు తగ్గించి, మెడ మీద మెట్లు వేశాడు. 1957లో దాని పికప్‌ని రెండు ముక్కలుగా విడదీశాడు. 1960లో రెండు పికప్‌ల జాజ్ బేస్ వచ్చింది. ఈనాటికీ తయారవుతున్న బేస్‌లలో చాలావాటికి ఈ రెండే మూలరూపాలు. కాబట్టి వాటి భాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

ఈ నాదం మన చెవికి పాతదే. 1989 నాటి ‘గీతాంజలి’ సినిమా పాటల్ని మంచి స్పీకర్లలో వింటే, గాయకుడి పాట పక్కనే మరో పాటలా నడిచే బేస్ వరస వినిపిస్తుంది. ఆ పాటలకు బాణీలు కట్టిన ఇళయరాజా బృందంలో ఏళ్ళ తరబడి బేస్ పట్టిన శశిధరన్ పేరు పోస్టర్ల మీద పడలేదు గానీ, ఆ బాణీలు నోటికొచ్చిన వాళ్ళందరికీ ఆయన వేళ్ళు తెలిసినట్టే. సినిమా నుంచి ఈ వాద్యం పెళ్ళి ఆర్కెస్ట్రాలకు, చర్చి పాటలకు పాకింది.

ఖమ్మం జిల్లాలోని వేంసూరు, సత్తుపల్లి లాంటి అడవి అంచు ఊళ్ళలో ఉన్న బేస్‌కి మొదటి శత్రువు వాతావరణమే. మే నెలలో ఖమ్మం ప్రాంతపు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు చాలా ఉన్నాయి. ఆ వెనకే ముసురు పట్టిన వానలు. చెక్క ఒకసారి ఆరుతుంది, ఇంకోసారి చెమ్మ పీలుస్తుంది. స్క్రూలు తుప్పు పడతాయి, రాగి చిలుమెక్కుతుంది. కీలు జారి శ్రుతి దిగిపోతుంది. వాల్యూమ్ తిప్పితే గరగర, చెయ్యి తీస్తే గుయ్యిమనే హోరు.

పని తెలిసినవాళ్ళు ఇక్కడ ముందు కొత్త భాగాలు కొనరు, జబ్బు ఎక్కడుందో వెతుకుతారు. మెడ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుంది. నాలుగు తీగలూ కలిసి 70 కిలోలకు మించిన బలంతో మెడను ముందుకు లాగుతుంటే, ఆ లాగుడుకు ఎదురు నిలిచేది ఆ కడ్డీయే. దాని నట్టును పావు చుట్టు తిప్పితే సరిపోయే వంపుని చూసి బ్రిడ్జి మార్చేస్తే డబ్బు దండగ. మెడ చక్కబడ్డాక, తీగల ఎత్తు సరిచూశాక, మెట్ల అరుగుదల గమనించాక, అప్పటికీ మిగిలిన లోపమే మార్చదగ్గది.

మొదట కీలు. కీలో ఉన్నది మర, పళ్ళ చక్రం. సుమారు ఇరవై చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే కంబం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పళ్ళు అరిగి మధ్యలో సందు పడుతుంది. కీ కదిలినా కంబం కదలదు, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. కొత్త కీలలో ఆ సందు ఉండదు, తేలిక రకమైతే బరువూ తక్కువ. ఆ తేలికదనం విలువ చేతులు వదిలినప్పుడు తెలుస్తుంది. పాత బేస్ తల బరువుకు కిందికి వాలిపోతుంది, వాయించేవాడి ఎడమ చేయి పాట పొడుగునా దాన్ని మోస్తూనే ఉంటుంది. తలలో కొంత బరువు తగ్గితే ఆ చేయి స్వరాలకే మిగులుతుంది.

తర్వాత బ్రిడ్జి. పాతకాలపుది వంచిన రేకు, దాని మీద నాలుగు చిన్న శాడిల్స్. ఒక్కో శాడిల్‌ని ముందుకీ వెనక్కీ జరిపితే ఆ తీగ పొడవు సరవుతుంది. పన్నెండో మెట్టు మీద తీగను తాకీ తాకకుండా మీటినప్పుడు వచ్చే స్వరమూ, అదే మెట్టు నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరమూ ఒక్కటైతే కొలత కుదిరినట్టు. తుప్పు పట్టిన స్క్రూ తిరగకపోతే ఈ కుదురు ఎన్నటికీ రాదు. బరువైన బ్రిడ్జి వేస్తే నాదం ఎక్కువసేపు నిలుస్తుందని చాలామంది నమ్మకం. కచ్చితంగా దక్కే లాభం అంతకన్నా నిరాడంబరమైనది: శాడిల్స్ పక్కకు జరగవు, పెట్టిన కొలత పెట్టినట్టే ఉంటుంది. కొత్త బ్రిడ్జి బిగించేటప్పుడు దాని కిందికి వచ్చే సన్నని ఎర్త్ తీగను మరిచిపోకుండా లోహానికి ఆనించడంలో పనివాడి శ్రద్ధ తెలుస్తుంది. తీగల మీద చెయ్యి వేయగానే హోరు తగ్గేది ఆ తీగ వల్లే.

ఇక పికప్. నన్ను ఎక్కువగా ముగ్ధుణ్ణి చేసే భాగం ఇదే. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో అతి చిన్న కరెంటు పుడుతుంది. చెక్క లోతు, వేలి బలం, మీటిన చోటు అన్నీ ఆ కరెంటులోనే ఉంటాయి. అయితే చుట్ట తీగ నాదాన్నే కాక గోడలోని కరెంటు హోరునీ పట్టుకుంటుంది. మన ఇళ్ళ కరెంటు 50 హెర్ట్జ్. బేస్ లావు తీగ మూడో మెట్టు స్వరం 49 హెర్ట్జ్. అంటే హోరు వచ్చి కూర్చునేది సరిగ్గా స్వరాల నడుమే. 1957 నాటి రెండు ముక్కల పికప్ అందం ఇక్కడుంది. ఒక ముక్క రెండు తీగలను, రెండోది మిగతా రెండింటినీ వింటుంది. చుట్లు ఎదురెదురు, అయస్కాంతాలు ఎదురెదురు. రెండింట్లోనూ పడిన హోరు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, స్వరం మాత్రం నిండుగా నిలుస్తుంది.

పాత పికప్‌ని మల్టీమీటర్‌తో కొలిస్తే 10 కిలో ఓంల దరిదాపుల్లో అంకె కనిపించాలి. అంకే రాకపోతే లోపల తీగ తెగిందన్నమాట. చుట్టలో మైనం ఇంకకపోతే పెద్ద శబ్దానికి అదే కీచుమంటుంది. ఇలాంటి చోట కొత్త పికప్ నిజమైన వైద్యం. 1970లలో లారీ డిమార్జియో, 1976లో సంస్థ పెట్టిన సేమూర్ డంకన్ లాంటివాళ్ళు పాత గుంటలోనే సరిగ్గా ఇమిడే పికప్‌లు అమ్మడాన్ని ఒక వృత్తిగా నిలబెట్టారు. వాళ్ళ వ్యాపారం సాగింది ఫెండర్ కొలతలు మారకపోవడం వల్లే.

కంటికి కనిపించని పని చివర్లో ఉంది. గుంట లోపల రాగి రేకు అంటించడం, గరగరమనే పాత వాల్యూమ్ కంట్రోల్ తీసి 250 కిలో ఓంలది పెట్టడం, టోన్‌కి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ టంకం వేయడం. టంకం చల్లారాక మెరుస్తూ నున్నగా ఉండాలి. మసకగా గడ్డకట్టిందంటే అతుకు పచ్చి అన్నమాట. మూత బిగించాక దీన్నెవరూ చూడరు. అయినా మంచి పనివాడు తీగల్ని సరైన పొడవుకు కోసి, పక్కపక్కన ఒదిగేలా కడతాడు. పదేళ్ళ తర్వాత మూత తెరవబోయే ఇంకో పనివాడి మీద చూపిన గౌరవం అది.

ఇంత శ్రమా సంగీతం కోసమే. మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ దీనికి నిలువెత్తు సాక్ష్యం. జంట తీగల మామూలు మాండొలిన్ మీద గమకాలు ఒదగవని ఆయన ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, మంద్రం కోసం ఐదో తీగ చేర్చుకున్నాడు. త్యాగరాజ కృతి ఏం అడిగిందో వాద్యం అలా మారింది. బేస్ వాద్యకారుడు జాకో పస్టోరియస్ తన 1962 జాజ్ బేస్‌కి మెట్లు లేకుండా చేసి, మెడ మీది చెక్క పలకకు ఎపాక్సీ పూసి, మనిషి గొంతులా సాగే నాదం రాబట్టాడు. మరోవైపు, అమెరికాలోని మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు బేస్‌తో పునాది వేసిన జేమ్స్ జేమర్సన్ తన ప్రెసిషన్ బేస్‌కి తీగలు సైతం మార్చడానికి ఇష్టపడేవాడు కాదు. ముగ్గురి నిర్ణయాలూ చెవి చెప్పినవే.

కాబట్టి మార్పు మంచిదా కాదా అని తేల్చడానికి నాకు తెలిసిన కొలత ఒక్కటే: వెనక్కి వెళ్ళే దారి మిగిలిందా? చెక్కలో కొత్త రంధ్రం వేయకుండా పాత రంధ్రాలకే సరిపడే బ్రిడ్జి వెతికారా, వదులైన స్క్రూ రంధ్రాన్ని గట్టి చెక్క పుల్లతో, జిగురుతో పూడ్చి మళ్ళీ బిగించారా, తీసిన పాత పికప్‌ని, కీలని పేరు రాసి కేసులో దాచారా అని చూడాలి. ఇవన్నీ చేసిన చేయి పాత పనివాడిని చెరపలేదు, తర్వాతి పనివాడి దారి మూయలేదు. ఫుల్లర్టన్ రేడియో మరమ్మతుదారు నాలుగు స్క్రూలలో పెట్టిన నమ్మకం అదే. స్క్రూడ్రైవరూ సోల్డరింగ్ ఐరనూ ఓపికా ఉంటే, వేంసూరులో ఆ పనిని అందుకోబోయే కుర్రాడికి కూడా అది పూర్తిగా చెందుతుంది.