ఎక్కడ వెతికావు?

ఛత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చేసే ఒక దుకాణం, దాని పైన ఇరుకు గది. కాగితం రీములు, సిరా వాసన, మూలన పాత కంప్యూటర్. 2012 జనవరిలో ఒక సాయంత్రం ఆ ఇంటి కుర్రాడు నన్ను పిలిపించాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఓకామెల్ భాషలో చార్మినార్ బొమ్మ గీసే ప్రోగ్రాం రాయాలని అతని కోరిక. గీతలకూ వంపులకూ అప్పట్లో ఆ భాషతోపాటే గ్రాఫిక్స్ లైబ్రరీ వచ్చేది. కంపైలర్ లోపల ఏముందో చూడాలని సోర్స్ తెచ్చుకుని తనే బిల్డ్ చేస్తున్నాడు, వెర్షన్ 3.12.1. బిల్డ్‌కు కావాల్సినవి ఉన్నాయో లేదో చూసే కాన్ఫిగర్ స్క్రిప్టు అన్నీ చూసుకుంటూ వచ్చి చివర్లో చెప్పింది: ఎక్స్11 దొరకలేదు, గ్రాఫిక్స్ లైబ్రరీ ఉండదు.

"ఎక్స్ ఎలెవెన్ లేదంటది ఏందన్నా? మరి ఈ తెర మీద విండోలన్నీ ఎవరు గీస్తున్నరు?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. తెర మీద విండోలు గీసే వ్యవస్థ ఎక్స్11 ఎంఐటీలో పుట్టి 1987లో బయటికొచ్చింది. అతని ఉబుంటు 11.10లో కనిపించే ప్రతి విండో దాని మీదే నిలబడి ఉంది. కళ్లెదుట ఉన్నదాన్ని స్క్రిప్టు లేదంటోంది. సోర్స్ నుంచి సాఫ్ట్‌వేర్ కట్టుకునేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సంగతే ఇది. దొరకలేదంటే లేదని కాదు, వెతికిన చోట లేదని. ఎక్కడ వెతికావని స్క్రిప్టును అడగడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

మొదట చూడాల్సింది డెవ్ ప్యాకేజీ. ప్రోగ్రాం నడవడానికి లైబ్రరీ ఒక్కటి చాలు. కొత్తగా ఒకటి కట్టాలంటే హెడర్ ఫైళ్లు కూడా కావాలి. ఏ ఫంక్షన్ ఏ పేరుతో ఉందో, దానికి ఏమేం ఇవ్వాలో కంపైలర్‌కు చెప్పేవి అవే. డెబియన్, ఉబుంటులు వీటిని వేరే ప్యాకేజీలో పెడతాయి, పేరు చివర 'డెవ్' అని ఉంటుంది. మామూలు వాడకందారుకు అవసరం లేదు కాబట్టి ముందుగా రావు. కుర్రాడి కంప్యూటర్‌లోనూ లేవు. పెట్టుకుని కాన్ఫిగర్ మళ్లీ నడిపాం. మళ్లీ అదే మాట.

ఇక స్క్రిప్టునే తెరిచాం. అప్పటి ఓకామెల్ కాన్ఫిగర్ చేత్తో రాసిన షెల్ స్క్రిప్టు, ఓపిక ఉంటే ఎవరైనా చదువుకోవచ్చు. ఎక్స్11 అని వెతికితే డైరెక్టరీల జాబితా ఒకటి దొరికింది. ఎక్స్11ఆర్7, ఎక్స్11ఆర్6, ఎక్స్11ఆర్5 అని ఒకదాని కింద ఒకటి, ఎన్నో యూనిక్సుల పాత చిరునామాలు. ముందు హెడర్లు ఉన్నాయా, తర్వాత లైబ్రరీ ఫైలు ఉందా అని ఒక్కో చోటా చూసుకుంటూ పోతుంది. హెడర్లు దొరికాయి. లైబ్రరీ దొరకలేదు. ఎందుకంటే ఆ రోజుల్లోనే ఉబుంటు, 32 బిట్, 64 బిట్ లైబ్రరీలు ఒకే కంప్యూటర్‌లో కలిసి ఉండేందుకు, వాటి చోటు మార్చింది. యూఎస్ఆర్ కింద లిబ్‌లో నేరుగా ఉండాల్సిన ఫైలు ఇంకో మెట్టు దిగి 'ఎక్స్86_64-లినక్స్-గ్నూ' అనే డైరెక్టరీలోకి పోయింది. ఇల్లు మారిన మనిషిని స్క్రిప్టు పాత వాకిట్లో నిలబడి పిలుస్తోంది.

మందు చిన్నదే. మైనస్ ఎక్స్11లిబ్ అనే ఆప్షన్‌తో కొత్త చిరునామా ఇచ్చాం. ఈసారి గ్రాఫిక్స్ ఉంటుందని చెప్పింది. తర్వాతి వెర్షన్లలో ఆ చిరునామా జాబితాలోకే ఎక్కింది.

అసలు బిల్డ్ చేసే మేక్ నడుస్తుండగా నిమ్రా కేఫ్ దాకా నడిచి ఇరానీ చాయ్ తాగాం, ఎదురుగా చార్మినార్. అక్కడ అతను అడిగింది నాకు మరీ ఇష్టమైన ప్రశ్న: ఓకామెల్ కంపైలర్‌ను ఓకామెల్‌లోనే రాశారు కదా, మరి మొదటిసారి దాన్ని కంపైల్ చేసేది ఎవరు? సోర్స్‌తోపాటే 'బూట్' అనే డైరెక్టరీలో ముందే తయారైన కంపైలర్ బైట్‌కోడ్ రూపంలో వస్తుంది. దాన్ని నడిపే చిన్న యంత్రం సీ భాషలో ఉంటుంది. సీ కంపైలర్ ఆ యంత్రాన్ని కడుతుంది, ఆ యంత్రం బూట్ కంపైలర్‌ను నడుపుతుంది, అది కొత్త కంపైలర్‌ను కడుతుంది, ఆ కొత్తది తన సోర్స్‌ను తానే మళ్లీ కట్టుకోగలదు. రెడీమేడ్ ప్యాకేజీ తెచ్చుకున్నవాడికి ఈ మెట్లు కనబడవు.

అన్ని ప్రాజెక్టులకూ చేత్తో రాసిన స్క్రిప్టు ఉండదు. 1991లో డేవిడ్ మెకంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ చాలా చోట్ల కనిపిస్తుంది. ఓకామెల్ కూడా 2019లో 4.08తో ఆ దారికే వచ్చింది. ఆటోకాన్ఫ్ తయారుచేసే స్క్రిప్టు ఎక్కువగా ఫైలు ఉందా అని చూసి ఊరుకోదు. చిటికెడంత సీ ప్రోగ్రాం రాసి, ఆ లైబ్రరీతో కట్టి చూస్తుంది. కుదిరితే ఉంది, కుదరకపోతే లేదు. ఆ ప్రోగ్రామూ, నడిపిన ఆజ్ఞా, వచ్చిన తిట్లూ అన్నీ కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైలులో రాసిపెడుతుంది. తెర మీద 'లేదు' అని ఒక్క మాట, లాగ్‌లో దాని కథంతా. హెడర్ ఫైలు లేదంటే డెవ్ ప్యాకేజీ సంగతి. లింకర్ ఫలానా లైబ్రరీ కనబడలేదంటే దారి సంగతి. పొసగని లైబ్రరీని వదిలేస్తున్నానంటే 64 బిట్ పనికి 32 బిట్ ఫైలు తగిలిందన్నమాట. మూడింటికీ తెర మీద ఒకటే మాట వస్తుంది, మందు మాత్రం మూడు రకాలు. లాగ్ చదవకుండా కనిపించిన ప్యాకేజీలన్నీ పెట్టుకుంటూ పోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

తిరిగి వచ్చేసరికి బిల్డ్ అయిపోయింది. ఓపెన్ గ్రాఫ్ అనగానే తెల్లటి విండో తెరుచుకుంది. నాలుగు మినార్లకు నిలువు గీతలు, కమానుకు డ్రా ఆర్క్. కమాను అర్ధచంద్రంలా గుండ్రంగా వచ్చింది. "ఇది మన చార్మినార్ కాదన్నా" అని లేచి, మెట్లు దిగి వీధిలోకి పోయి చూసి వచ్చాడు. అసలు కమాను పైన కొసదేరి ఉంటుంది. రెండు వేర్వేరు కేంద్రాల నుంచి రెండు వంపులు గీసి నెత్తిన కలిపాడు. అప్పుడు కుదిరింది. కానీ ప్రోగ్రాం ముగియగానే విండో మాయం. చివర ఒక కీ నొక్కేదాకా ఆగమని రాశాక బొమ్మ నిలిచింది.

కింద పేరు రాయాలన్నాడు, వాళ్ల శుభలేఖల్లో లాగే తెలుగులోనూ ఉర్దూలోనూ. అది కుదరలేదు. యూటీఎఫ్-8లో ఒక తెలుగు అక్షరానికి మూడు బైట్లు. ఆ లైబ్రరీ ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా గీసి చెత్తచెత్త చేసింది. ఒత్తులు కూర్చడం, ఉర్దూ అక్షరాలను కలిపి రాయడం పాంగో, హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీల పని. హైదరాబాదులో స్వేచ్ఛ లాంటి బృందాలు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చినా, తెర మీద ఒత్తు దాని చోట పడాలంటే ఆ లైబ్రరీలు సరిగ్గా ఉండాల్సిందే. వాటిలో తప్పు దిద్దాలంటే సోర్స్ తెచ్చి, కట్టి, చూసి, మళ్లీ కట్టగలిగిన మనిషి కావాలి. మన భాషల వాళ్లకు ఈ విద్య అందరికంటే ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

2019లోనే, 4.09తో, గ్రాఫిక్స్ లైబ్రరీని ఓకామెల్ నుంచి విడదీశారు. ఇప్పుడు కావాలంటే వేరే ప్యాకేజీగా తెచ్చుకోవాలి.

చార్మినార్ బొమ్మ గీసిన ఆ వారంలోనే ఒక రాత్రి కుర్రాడు ఫోన్ చేశాడు. పాంగో సోర్స్ దించుకున్నాడట. "కైరో లైబ్రరీ దొరకలేదంటున్నదన్నా. లాగ్ తెరిచిన. డెవ్ ప్యాకేజీ లేదు, అదే పెడుతున్న."