ఎండ కలిపిన ఎరుపు

నాన్న స్ప్లెండర్ బండికి ఎడమ పక్క సైడ్ కవరు పగిలింది. కొత్త కవరు రంగు వేయకుండా నల్ల ప్లాస్టిక్‌గానే దొరికింది. కంపెనీ ఎరుపుకి ఉన్న కోడ్ చెప్పి రంగు కలిపించుకొచ్చి, డాబా మీద నేనే కొట్టాను. ఆరాక తీసుకెళ్లి ట్యాంకు పక్కన పెడితే, వేరే బండి ముక్క తెచ్చి తగిలించినట్టుంది.

కోడ్‌లో తప్పేమీ లేదు. అది చెప్పేది 2003లో బండి షోరూమ్‌లోంచి బయటికొచ్చిన రోజు ఎరుపు. ట్యాంకు మీదున్నది ఇరవై ఏళ్లకు పైగా బెజవాడ ఎండలో నిలబడ్డ ఎరుపు. ఎండకి రంగులు వెలుస్తాయి, అందులోనూ ఎరుపు త్వరగా వెలుస్తుంది. సీటు విప్పి చూస్తే, ఎండ తగలని ట్యాంకు వెనక అంచున పాత ఎరుపు చెక్కుచెదరకుండా ఉంది.

బండి మొత్తానికి కొత్త రంగు కొట్టించెయ్యమన్నారు చాలామంది. పనిలో పనిగా వేరే రంగు వేయించమన్నవాళ్లూ ఉన్నారు. ఆర్సీలో బండి రంగు రాసి ఉంటుంది కాబట్టి రంగు మారిస్తే రవాణా శాఖలో నమోదు చేయించాలి. నేను వద్దనుకున్నది అందుకు కాదు. ట్యాంకుకి రెండు పక్కలా నాన్న మోకాళ్లు ఆనేచోట మెరుపు తగ్గి, రంగు మెత్తబడినట్టుంటుంది. దాన్ని వాటర్ పేపర్‌తో గీకేయడానికి నాకు చేతులు రావు. ట్యాంకు ఎలా ఉందో అలాగే ఉండాలి, కొత్త ముక్కే దానికి తగ్గట్టు తయారవ్వాలి.

పగిలిన కవరు పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. రంగులు కలిపే పెద్దాయన ముందు ఓ మూల రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దారు. పైన పేరుకున్న తెల్లటి పొర పోతేగాని అసలు రంగు కనపడదట. కోడ్ ఎరుపులో చుక్కచుక్కగా పసుపు, తెలుపు, పిసరంత నలుపు వేస్తూ, ప్రతిసారీ రేకు ముక్క మీద పూసి వీధిలోకి నడిచారు. ట్యూబ్‌లైటు కింద కలిసిపోయిన రెండు రంగులు ఎండలోకి తెస్తే విడిపోవచ్చు. మూడోసారి నేను సరిపోయిందన్నాను. "తడి రంగు మాట నమ్మకమ్మా, ఆరనీ" అన్నారాయన. ఆరాక ముదిరింది. మళ్లీ కలిపారు. అదృష్టం కొద్దీ మాది మామూలు ఎరుపు. మెరుపు పొడి కలిసిన మెటాలిక్ రంగయితే, ఒకే డబ్బాలోది తడిగా కొడితే ముదురుగా, పొడిగా కొడితే లేతగా వస్తుంది.

రంగు కొట్టేది ముప్పావుగంట, దానికి సిద్ధం చేసేది రెండు రోజులు. ముందు వేసిన రంగుని 400 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ సమంగా దించాను. నల్ల ప్లాస్టిక్ బయటపడ్డచోట ప్లాస్టిక్ ప్రైమర్, దాని మీద మామూలు ప్రైమర్, ఆరాక 800 పేపర్. ఆ తర్వాత సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాక వేలు కూడా తగలనివ్వకూడదు. నూనె జిడ్డు ఉన్నచోట రంగు నిలవక, చేప కళ్లలాగా గుండ్రటి గుంటలు పడతాయి. తలకి కొబ్బరినూనె రాసుకున్న రోజు నేను ఈ పని పెట్టుకోను.

రోజు చూసుకోవడం కూడా పనిలో భాగమే. మే నెల మధ్యాహ్నం రంగు గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. వానాకాలం థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పైభాగం చల్లబడి, గాలిలో తేమ దాని మీద చేరి రంగు తెల్లబారుతుంది. సంక్రాంతి వెళ్లాక ఓ ఉదయం, మంచు విడిచి గాలి ఇంకా లేవని వేళ, డాబా మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి మొదలుపెట్టాను. స్ప్రే గన్ను జానెడు దూరంలో ఉండాలి, మణికట్టు తిప్పకుండా చెయ్యంతా కదలాలి. ముక్కకి అవతల మొదలుపెట్టి ఇవతల దాటాక ఆపాలి. మొదటి పూతలోంచి ప్రైమర్ కనపడుతూనే ఉండాలి. అక్కడ ఆగడమే కష్టం. మొదటిసారి ఆగలేక ఇంకో వరస కొడితే, అంచున కన్నీటి చారలా కారింది. ఈసారి ఆగాను. పావుగంటకో పూత చొప్పున మూడు పూతలు.

పైన వేసే క్లియర్ కోటు మాత్రం ఇంట్లో కొట్టను. పెట్రోలు చుక్క పడ్డా తట్టుకోవాలంటే హార్డనర్ కలిపే క్లియరే కావాలి. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి ఆస్తమా తెచ్చిపెడతాయి. మామూలు ఎన్95 మాస్కు ఆ ఆవిర్లని ఆపదు. సరైన బూత్, గాలి అందించే మాస్కు ఉన్న షాపులోనే ఆ పూత వేయించాలి.

షాపుకి బయల్దేరుతుంటే నాన్న డాబా మీదికొచ్చారు. కవరుని అంచులు పట్టుకుని ఎత్తి, ట్యాంకు పక్కన పెట్టినట్టే వాల్చి, ఎండలో అటూ ఇటూ తిప్పారు.

"పైనంతా కుదిరిందమ్మాయ్. కింద మడత దగ్గర ఇంత లేతగా ఉండేది కాదు."

పగిలిన కవరు తెచ్చి తిరగేశాను. నిజమే. నేలవైపు తిరిగి ఉండే ఆ వేలెడు మడత మీద ఎండ పడలేదు. అక్కడింకా 2003 నాటి ఎరుపే ఉంది. రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి తుడిచే మనిషికి తప్ప అది తెలిసే వీల్లేదు.

షాపు ప్రయాణం మానేసి టేపు, పాత పేపర్లు తెచ్చాను. మొదట కోడ్ ప్రకారం కలిపించిన ఎరుపు డబ్బాలో ఇంకా సగం ఉంది.