ముందు ఆపు, తర్వాత చంపు

“ఫార్మాట్ కొట్టేద్దాం సార్.” విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంటి కంప్యూటర్‌కి వైరస్ పడితే, చూడ్డానికి వచ్చిన కుర్రాడు మౌస్ ముట్టుకోకముందే అనే మాట ఇది. అతణ్ణి తప్పుపట్టడానికి లేదు. ఒక పూటలో పని తేలిపోతుంది, ఫొటోలు ఎలాగూ డి డ్రైవ్‌లో ఉంటాయి. ఆ డి డ్రైవ్‌లోనే నక్కిన ఆటోరన్ ఫైలు వారం తిరక్కుండా మళ్లీ సి డ్రైవ్‌లోకి పాకడం వేరే సంగతి.

అదే జబ్బుని ఒక్క ఫైలూ పోకుండా, మిషను ఆన్‌లో ఉండగానే కుదిర్చే పద్ధతి ఒకటి అప్పటికే ఉంది. దానికి కావలసిన పనిముట్లు ఉచితం. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తే చాలు. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు అమెరికన్ ప్రోగ్రామర్లు 1996లో మొదలుపెట్టి, తర్వాత సిస్‌ఇంటర్నల్స్ పేరుతో లోకానికి పంచినవి అవి. 2006 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది. పనిముట్లు మాత్రం ఇప్పటికీ ఉచితమే. యాంటీవైరస్‌ల హడావుడి వీటిలో ఉండదు. దేనికీ తమంతట తాము “ఇది వైరస్” అని ముద్ర వేయవు. విండోస్ లోపల ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు చూపించి, తక్కిన తీర్పు మనకి వదిలేస్తాయి. నాకు వీటిలో నచ్చింది ఈ నిగ్రహమే.

ముందు జబ్బు సంగతి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ రావాలి. దాని బదులు చిన్న పెట్టె ఒకటి వస్తుంది: టాస్క్ మేనేజర్‌ని మీ అడ్మినిస్ట్రేటర్ ఆపేశారు అని. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు, దానికి అడ్మినిస్ట్రేటర్ మీరే, మీరేమో ఏమీ ఆపలేదు. అయినా విండోస్ అబద్ధమాడట్లేదు. ఆఫీసుల్లో ఉద్యోగులు సెట్టింగులు కెలక్కుండా మైక్రోసాఫ్టే పెట్టిన మీట అది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో, పాలసీల కింద ‘డిజేబుల్ టాస్క్ మేనేజర్’ అనే అర్థమొచ్చే విలువని 1 చేస్తే పని అయిపోతుంది. పక్కనే రిజిస్ట్రీ ఎడిటర్‌కీ ఇలాంటి మీటే ఉంది. దాన్ని కూడా 1 చేస్తే మొదటి మీటని వెనక్కి తిప్పే దారి మూసుకుపోతుంది. ఎక్స్‌పీ ఉన్న ఇళ్లలో అమ్మ, నాన్న, పిల్లలు అందరూ అడ్మినిస్ట్రేటర్ హోదాలోనే లాగిన్ అయ్యేవాళ్లు కాబట్టి, వాళ్లు నొక్కిన వైరస్‌కీ అదే హోదా దక్కేది.

2005లో ఇండోనేసియాలో పుట్టిన బ్రాంటాక్ ఈ తరహా కిటుకులే వాడింది. ప్రోగ్రామ్ ఫైలుకి ఫోల్డర్ బొమ్మ తగిలించుకుని తిరిగేది. పేరు చివర ‘ఈఎక్స్‌ఈ’ అని కనబడితే గుట్టు రట్టవుతుంది కాబట్టి ఆ తోకని చూపించే ఫోల్డర్ ఆప్షన్స్‌ని మెనూలోంచే తీసేసేది. మన ఊళ్లలో ఇదే తరహా సరుకు ‘న్యూ ఫోల్డర్’ పేరుతో జిరాక్స్ షాపులనుంచి, పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీ సెంటర్లనుంచి, ఫొటో స్టూడియోలనుంచి పెన్‌డ్రైవుల్లో ఇంటింటికీ చేరింది. బ్రాంటాక్‌కి ఇంకో విద్య కూడా వచ్చు. తెర మీద తెరిచిన కిటికీల శీర్షికలు చదువుతుండేది. ‘రిజిస్ట్రీ’ లాంటి మాట వాటిలో కంటబడితే కంప్యూటర్‌నే రీస్టార్ట్ చేసేసేది.

2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ తన తర్వాతి రూపాల్లో ఇంకో అడుగు ముందుకేసింది. నడుస్తున్న ప్రోగ్రాముల పేర్లు వెతికి చంపడానికి ఒక జాబితా వెంట పెట్టుకుని వచ్చింది. అందులో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, ఆటోరన్స్, ప్రాసెస్ మానిటర్, టీసీపీవ్యూ ఉన్నాయి. ఈ నాలుగూ సిస్‌ఇంటర్నల్స్‌వే. ఒక పనివాడికి ఇంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం ఎవరివ్వగలరు?

పేరు చూసి చంపే వైరస్‌ని బోల్తా కొట్టించడం తేలిక. నడుస్తున్న ప్రోగ్రాములని, అంటే ప్రాసెస్‌లని, చూపించే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అంతా ఒకే ఫైలు. కావలసిన డ్రైవర్‌ని కూడా అందులోనే మోసుకొస్తుంది, అవసరమైనప్పుడు బయటికి తీసుకుంటుంది. కాబట్టి దాని పేరు ‘సుబ్బారావు’ అని మార్చినా ఎప్పట్లాగే నడుస్తుంది. చిక్కంతా కిటికీ శీర్షికతోనే. ఫైలు పేరు మార్చినా పైన పట్టీలో ‘ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్’ అనే ఉంటుంది. వైరస్ దాన్ని చదివి, అలా తెరుచుకోగానే ఇలా మూసేస్తుంది. తెర మీద ఒక్క క్షణం ఏదో మెరిసి మాయమవుతుంది, అంతే.

ఇక్కడ పనికొచ్చేది డెస్క్‌టాప్స్. సిస్‌ఇంటర్నల్స్‌వాళ్లే 2008లో వదిలిన చిన్న ప్రోగ్రామ్. వైరస్‌లకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒకే మానిటర్ మీద నాలుగు వేర్వేరు తెరలు పెట్టుకుని ఆల్ట్‌తో 1, 2, 3, 4 నొక్కుతూ మారుతుండటానికి చేశారు. ఇలాంటి ప్రోగ్రాములు అంతకుముందూ చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువభాగం కిటికీలన్నిటినీ ఒకే తెర మీద ఉంచి, అక్కర్లేనివాటిని దాచి, కావలసినవాటిని చూపించి నాలుగు తెరలున్నాయన్న భ్రమ కలిగించేవి. సిస్‌ఇంటర్నల్స్‌వాళ్లు ఆ దారి పట్టలేదు. విండోస్ ఎన్‌టీలో మొదటినుంచీ ‘డెస్క్‌టాప్’ అనే అసలు వస్తువు ఒకటుంది. లాగిన్ తెర, పనిచేసుకునే తెర నిజంగానే వేరువేరుగా ఉండేది అందుకే. డెస్క్‌టాప్స్ ఆ వస్తువునే కొత్తగా సృష్టిస్తుంది. దీనికి మూల్యం కూడా చెల్లించింది. ఒక తెరలో పుట్టిన కిటికీని ఇంకో తెరలోకి జరపడం కుదరదు. కొత్తగా సృష్టించిన తెరని మూసేయాలంటే లాగాఫ్ అవ్వాల్సిందే. రోజువారీ వాడకానికి ఇవి చికాకు పెట్టే లోపాలే, కాదనను.

అయితే ఆ లోపాల వెనకున్న నిర్మాణమే వైరస్ పడ్డ రోజున అక్కరకొస్తుంది. ఒక ప్రోగ్రామ్ “తెరిచి ఉన్న కిటికీలన్నీ చెప్పు” అని విండోస్‌ని అడిగితే, విండోస్ ఆ ప్రోగ్రామ్ ఉన్న డెస్క్‌టాప్‌లోని కిటికీలు మాత్రమే చెప్తుంది. శీర్షికలు చదివే వైరస్ కూర్చున్నది మొదటి డెస్క్‌టాప్‌లో. ఆల్ట్ 2 నొక్కి, రెండో డెస్క్‌టాప్‌లో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే అది వైరస్ చదివే జాబితాలోకే రాదు. అవతల అది ఎప్పటిలాగే కాపలా కాస్తూ ఉంటుంది, ఇవతల దాని గుట్టంతా మన ముందుంటుంది. ఈ ఉపాయాన్ని రుసినోవిచ్ తన రచనల్లో వివరించాడు. పేర్లు వెతికే రకం వైరస్ ముందు ఇదొక్కటే చాలదు, ఎందుకంటే నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాకి డెస్క్‌టాప్ గోడలు అడ్డు రావు. అప్పుడు ఫైలు పేరు మార్చడం, తెర మార్చడం రెండూ చెయ్యాలి.

సరే, ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంది. కొత్తవాడికి అదొక రంగుల గందరగోళం. కాస్త అలవాటయ్యాక ప్రతి రంగూ ఒక మాట చెప్తుంది. కొత్తగా పుట్టిన ప్రాసెస్ కాసేపు పచ్చగా ఉంటుంది, చచ్చిపోయేది ఎర్రబడి పోతుంది. ఊదా రంగు వేసినవి తమ కోడ్‌ని గట్టిగా కుదించి మూటకట్టుకున్నవి. మంచి ప్రోగ్రాములూ కొన్ని అలా చేస్తాయి గాని, వైరస్‌లు మరీ ఎక్కువగా చేస్తాయి. ఎవరు ఎవర్ని పుట్టించారో చెట్టులా కనబడుతుంది. సంతకాలు సరిచూడమంటే ‘మైక్రోసాఫ్ట్’ అని పేరు రాసుకున్నవాటిలో నిజంగా మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్నవేవో తేల్చేస్తుంది. మీటల వరసలో గురి గుర్తు ఒకటుంది. దాన్ని పట్టుకుని తెర మీద తేలే ఏ మొండి కిటికీ మీదైనా వదిలితే, ఆ కిటికీ ఎవరిదో ఆ వరస వెలుగుతుంది. “మీ కంప్యూటర్‌లో ఫలానా వందల వైరస్‌లు ఉన్నాయి, డబ్బు కట్టండి” అని బెదిరించే దొంగ యాంటీవైరస్‌లు 2008 తర్వాత కొన్నేళ్లు జనాన్ని పీడించాయి. వాటి మూలం పట్టడానికి ఈ గురి గుర్తు కన్నా సుఖమైన పద్ధతి నేను చూడలేదు.

పట్టుకున్నాక చాలామంది చేసే పని, కుడి క్లిక్ చేసి చంపెయ్యడం. చచ్చిన మరుక్షణం అది మళ్లీ పచ్చగా పుడుతుంది. ఎందుకంటే అవి జంటగా ఉంటాయి. ఒకదాన్ని ఇంకొకటి కనిపెట్టుకుని ఉంటుంది, పోతే వెంటనే లేపుతుంది. జరాసంధుడి రెండు ముక్కలూ మళ్లీ అతుక్కున్నట్టే. రుసినోవిచ్ చెప్పే విరుగుడు: చంపొద్దు, ముందు ఆపు. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘సస్పెండ్’ అని ఒక మాటుంది. నొక్కితే ఆ ప్రాసెస్ బతికే ఉంటుంది గాని కదలదు, ముదురు బూడిద రంగులోకి మారుతుంది. జోడీ దాన్ని చూస్తే ఇంకా ఉన్నట్టే ఉంటుంది కాబట్టి లేపాల్సిన పని కనబడదు. ఇప్పుడు రెండోదాన్నీ ఆపాలి. కాపలా కాసేవాళ్లిద్దరూ బిగుసుకుపోయాక నిదానంగా ఒక్కొక్కదాన్నీ చంపొచ్చు, లేపేవాళ్లు ఎవరూ ఉండరు. వైరస్ కోడ్ విండోస్ సొంత ప్రాసెస్‌లోనే దూరి ఉంటే మొత్తం ప్రాసెస్‌ని ఆపడం ప్రమాదం. దానికీ లోపలి దారాల్లో (థ్రెడ్లలో) ఒక్కదాన్నే ఆపే వీలు పెట్టారు. మెనూలో మూడు నాలుగు అక్షరాల మాటే గాని, ఇది పెట్టినవాడికి శత్రువు స్వభావం ఎంత బాగా తెలుసో ఆ ఒక్క మాట చూస్తే అర్థమవుతుంది.

ఆటోరన్స్‌లోనూ ఇదే బుద్ధి. విండోస్ మొదలయ్యేటప్పుడు తనంతట తాను లేచే ప్రతిదీ అందులో కనబడుతుంది. స్టార్టప్ ఫోల్డర్‌నుంచి డ్రైవర్ల దాకా, మామూలు మనిషి పేరు కూడా వినని మూలలు ఎన్నో. మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్నవన్నీ దాచెయ్యమంటే వందల వరసలు గుప్పెడుకి తగ్గుతాయి. సంతకం తేలనివి గులాబీ రంగులో ఉంటాయి. అనుమానం ఉన్నదాని పక్కన టిక్ తీసేస్తే అది చెరిగిపోదు. చాలావరకు రిజిస్ట్రీలో పక్కనే వేరే అరలోకి జరుగుతుంది, అంతే. పొరపాటున సౌండ్ డ్రైవర్‌ని ఆపేశారనుకోండి, మళ్లీ టిక్ పెడితే యథాతథం. చెరిపెయ్యడానికి డిలీట్ వేరే ఉంది, దాని జోలికి ముందే వెళ్లక్కర్లేదు.

టాస్క్ మేనేజర్‌ని ఆపే పద్ధతుల్లో ఇంకోటి ఉంది. డీబగ్గింగ్ చేసే ఇంజనీర్ల కోసం విండోస్ ఒక సౌకర్యం పెట్టింది. ఫలానా ప్రోగ్రామ్ పేరు కింద డీబగ్గర్ అని ఇంకో ప్రోగ్రామ్ దారి రాస్తే, మొదటిదాన్ని పిలిచినప్పుడల్లా రెండోది లేస్తుంది. వైరస్‌లు టాస్క్ మేనేజర్ పేరు కింద, యాంటీవైరస్‌ల పేర్ల కింద తమ దారి రాసుకుంటాయి. తమాషా ఏమిటంటే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ మెనూలో ‘టాస్క్ మేనేజర్ స్థానంలో నన్ను పెట్టు’ అనే మాట ఉంది చూశారూ, అది చేసేదీ సరిగ్గా ఇదే, అదే చోట. అందుకే ఆటోరన్స్‌లో ‘ఇమేజ్ హైజాక్స్’ విభాగం తెరిచినప్పుడు ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ పేరు కనబడితే కంగారు పడనక్కర్లేదు.

ఇంత చెప్పాక ఒప్పుకోవలసినవి కూడా ఉన్నాయి. ఈ పనిముట్లు చదువుకున్నవాడి కోసం చేసినవి. గులాబీ వరస కనబడ్డ ప్రతిదీ తీసేసే అత్యుత్సాహికి వీటిని ఇస్తే ఫార్మాటే నయం అనిపిస్తుంది. సాలిటీ లాంటి వైరస్ ముందు ఇవి నిలవవు కూడా. అది డిస్కులో ఉన్న ప్రోగ్రాముల్లోకి తన కోడ్ ఎక్కిస్తుంది, సేఫ్ మోడ్‌కి కావలసిన రిజిస్ట్రీ అరలే చెరిపేస్తుంది. అక్కడ కుర్రాడి మాటే వేదం. విండోస్ 10, 11లలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, అసలు విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి కిటికీల శీర్షికలు చదివే వైరస్‌కి కళ్లు తెరిచే అవకాశమే రాదు. ఇంట్లోవాళ్లకి మొదట చెప్పాల్సింది దాని గురించే. పైగా, పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతట అది నడిచే అలవాటుని మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో పాత ఎక్స్‌పీకి కూడా అప్‌డేట్ ఇచ్చి మాన్పించింది.

స్కాన్ ఎంత బాగా చేసినా మిగిలిపోయే పని ఒకటుంది, ఆటోరన్స్ ఇంకా చేతిలో ఉండాల్సింది అందుకే. యాంటీవైరస్ వైరస్ ఫైలుని తీసేస్తుంది గాని, అది తిప్పిన మీటలన్నిటినీ ప్రతిసారీ వెనక్కి తిప్పదు. డీబగ్గర్ దారి అలాగే ఉండి, ఆ దారిలో ఉన్న ఫైలు మాత్రం పోతే, టాస్క్ మేనేజర్‌ని పిలిచినప్పుడు విండోస్ “అలాంటి ఫైలు లేదు” అంటుంది. టాస్క్ మేనేజర్ ఫైలేమో కళ్లెదుటే ఉంటుంది. ఇంతకన్నా ఘోరం యూజర్‌ఇనిట్ అనే విలువ విషయంలో జరుగుతుంది. లాగిన్ కాగానే ఏది నడవాలో చెప్పే వరస అది. వైరస్ అక్కడ తన పేరు పెట్టుకుని ఉండగా దాని ఫైలుని చెరిపేస్తే, పాస్‌వర్డ్ కొట్టగానే లాగిన్ అయి, మరుక్షణమే లాగాఫ్ అయిపోతుంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. కాబట్టి పని వరస ఇలా ఉండాలి: ముందు జంటని ఆపడం, తర్వాత చంపడం, ఆ తర్వాత టిక్‌లు తీయడం, యూజర్‌ఇనిట్‌ని విండోస్ సొంత ఫైలు వైపు తిప్పడం, అప్పుడు ఫైలు చెరపడం, చివరికి రీస్టార్ట్. తిరిగి లేచాక ఆటోరన్స్ మరోసారి తెరిస్తే ఫైలు దొరకని వరసలు పసుపు రంగులో ఉంటాయి. ఏ పేరు కింద ఏ దారి మిగిలిపోయిందో చదువుకుంటూ, ఒక్కొక్కటీ అక్కడే తుడుచుకోవచ్చు.