గడపక్రింది మట్టి : లౌడర్‌మిల్కు రచనలు – ఒక పరిశీలనము

శాస్త్రజ్ఞుల నివేదికలను వచనముగా పరీక్షించు అలవాటు మన విమర్శకులకు తక్కువ. కొలతలు, పట్టికలు, ప్రభుత్వశాఖలు వెలువరించు చిన్న పొత్తములు వాఙ్మయము క్రిందికి రావని మన భావము. కాని శైలిబలముచేతనే లోకవ్యాప్తి గాంచి, ఆ బలముచేతనే కొంత అనర్థమునకును తావిచ్చిన నివేదికలు కలవు. అమెరికా భూసంరక్షణ శాస్త్రజ్ఞుడు వాల్టర్ క్లే లౌడర్‌మిల్కు (1888–1974) రచనలు అట్టివి. ఆయన కాగితములు బర్క్లీలోని బాంక్రాఫ్టు గ్రంథాలయమున కలవు. వృద్ధాప్యమున ఆయన చెప్పగా లిఖింపబడిన విస్తృతమైన మౌఖిక చరిత్ర 1969లో అచ్చటినుండియే వెలువడినది. జీవితమును రచనలను ప్రక్కప్రక్కన ఉంచి చదివినచో ఆయనయందు ఇద్దరు రచయితలు కనబడుదురు: ఒకరు కొలుచువారు, మరియొకరు శాసించువారు. మొదటివారిని మేము నిస్సంకోచముగా గొప్ప వచనకర్తగా ఎంచుచున్నాము. రెండవవారి విషయమున మాకు ఆక్షేపణ కలదు.

ఉత్తర కరోలినాలో జన్మించి, రోడ్స్ విద్యార్థివేతనముతో ఆక్స్‌ఫర్డున చదివి, అటవీశాఖలో పనిచేసిన పిమ్మట ఆయన 1922లో చైనాలోని నాన్‌కింగు విశ్వవిద్యాలయమున చేరిరి. కరవులకు కారణము వెదకుట ఆయన పని. పసుపునది తాను తెచ్చిన ఒండ్రుతో తన గర్భమునే పూడ్చుకొని, కట్టలనడుమ చుట్టుపట్ల మైదానముకంటె ఎత్తున ప్రవహించుట చూచి, ఆ మన్ను ఎచ్చటిదో తెలిసికొనుటకు ఎగువకు పోయిరి. షాన్సీ కొండలలో అడవి నరికి దున్నిన వాలులు గండ్లుపడి యుండెను. బౌద్ధాలయముల చుట్టు మాత్రము వృక్షములు నిలిచియుండెను. రెండు తావులందును వానకు పారు నీటిని, కొట్టుకొనిపోవు మట్టిని ఆయన కొలిచిరి. 1927లో నాన్‌కింగున విదేశీయులపై దాడులు జరుగగా కుటుంబముతో చైనాను విడువవలసివచ్చెను.

చైనాలో లేచిన ప్రశ్నకు ప్రత్యుత్తరము బర్క్లీ ప్రయోగశాలలో లభించినది. 1929లో డాక్టరేటు పొందిన ఆయన పరిశోధనలోని ముఖ్యాంశము మిక్కిలి సులభమైనది. తేటనీరు నేలలో ఇంకును. అదే నేలపై కలకనీరు పోసినచో అందలి సన్నని రేణువులు మట్టి రంధ్రములను మూసివేయును; ఆపై నీరు ఇంకక పారును. అడవిలో రాలిన ఆకులు నీటిని స్వయముగా పీల్చుకొనుట స్వల్పము. నీరు కలకబారకుండ కాచుటయే వాని ప్రధాన ప్రయోజనము. ఈ పరిశోధనను తెలుపు 1930 నాటి వ్యాసము చదువరికి ఎట్టి ఉపదేశమును చేయదు. కొలతయే మాటలాడును. ఇట్టి మితభాషిత్వము ఆయన తరువాతి రచనలలో అరుదయినది.

అమెరికాలో 1933లో ఏర్పడి, 1935లో భూసంరక్షణశాఖగా మారిన సంస్థలో ఆయన హ్యూ హామండ్ బెన్నెట్టు క్రింద ఉన్నతాధికారి అయిరి. 1938–39లో ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాలలో కారుపై తిరుగుచు ప్రాచీన వ్యవసాయభూముల స్థితిని పరీక్షించిరి. ఆ యాత్రయే 'ఏడువేల ఏండ్ల భూవిజయము' అను అర్థమిచ్చు పేరుగల చిన్న పొత్తమునకు మూలము. అది 1953లో వ్యవసాయశాఖ 99వ బులెటినుగా వెలువడి ఎల్లెడల పంచబడినది. 'విజయము' అను పదము ఈ పేరున వ్యంగ్యముగా ధ్వనించును. గెలిచినది మానవుడా, ఎడారియా అను సందేహము ప్రతి పుటయందును నిలుచును.

ఈ పొత్తమునకు ప్రాణము ఉత్తర సిరియాలోని నిర్జన గ్రామముల వర్ణనము. రాతియిండ్లు నేటికిని నిలిచియున్నవి. వాని గడపలు మాత్రము చుట్టునున్న బండరాతికి 3 నుండి 6 అడుగుల ఎత్తున ఉన్నవి. గడప నేలమట్టమున ఉండవలసినది కావున, ఆ ఎత్తంతయు కొట్టుకొనిపోయిన మన్నేయని ఆయన నిర్ణయము. ఎంతటి సూక్ష్మదృష్టి! శాసనపరిశోధకుడు శిథిలాక్షరమును చదివినట్లు ఆయన ఆ ఖాళీని చదివిరి. అలంకారము లేదు, విశేషణములు లేవు. గడప, బండ, నడుమ లేని మట్టి: చెప్పవలసినదంతయు ఇందున్నది.

కాని ఆ గడపనుండి ఆయన చేసిన లంఘనము పెద్దది. మట్టి పోయినది కావున జనము పోయెనని ఆయన తీర్మానము. అదే 1953లో జార్జి చాలెంకో ఆ గ్రామములనుగూర్చిన గ్రంథమును ప్రకటింప మొదలిడిరి. ఆ ఊళ్ళు ఒలీవనూనె ఎగుమతిపై వర్ధిల్లినవనియు, యుద్ధములచే విపణి చెడగా క్షీణించినవనియు ఆయన వాదము. ఒలీవయే సర్వస్వమను మాటను తరువాతి పండితులు సవరించినను, మట్టి యొక్కటియే కారణమను వివరణము మరల నిలువలేదు. ఉత్తర ఆఫ్రికా విషయమున డయానా డేవిస్ 2007 నాటి గ్రంథమున, రోమనుల ధాన్యాగారమును అరబ్బులు, మేకలు పాడుచేసిరను కథ ఫ్రెంచి వలసపాలనకు అనుకూలముగా పెరిగినదని నిరూపించిరి. టిమ్‌గాడ్ శిథిలముల ఎదుట లౌడర్‌మిల్కు వ్రాసినది ఆ కథయొక్క నీడలోనే. ఆయన చూచినది అబద్ధము కాదు. చూచినదానిని అమర్చిన కథ అరువు తెచ్చుకొన్నది.

1939 జూనులో జెరూసలేము రేడియోలో ఆయన 'పదునొకండవ ఆజ్ఞ'ను చదివిరి. బైబిలులోని పది ఆజ్ఞలకు ఇది అనుబంధము: 'నీవు' అను సంబోధన, విధి, అతిక్రమించినవాని సంతతికి శాపము. మన దానశాసనముల చివరను శాపమున్నది. కాని అచ్చట శాపమునకు ముందు ప్రతిగ్రహీత పేరు, గ్రామము, నాలుగు దిక్కుల ఎల్లలు చెప్పబడును. ఏ నేల, ఎవరిది అను సంగతి తేలినపిదపనే శాపము. పదునొకండవ ఆజ్ఞకు ఎల్లలు లేవు. అందలి 'నీవు' ఎవరు? ఆ ప్రశ్నకు 1944లో ప్రకటించిన పాలస్తీనా గ్రంథము సమాధానమిచ్చినది. యోర్దాను లోయకు అమెరికాలోని టెన్నెసీ లోయ పథకము వంటిదానిని ప్రతిపాదించుచు, అచ్చటివారికి తోడుగా ఐరోపానుండి 40 లక్షల యూదు శరణార్థులకు ఆ దేశమున చోటున్నదని ఆయన లెక్కకట్టిరి. ఆ శరణార్థుల దుర్దశ యథార్థమైనది. ఆయన దయయు యథార్థమైనదే. కాని ఆ వచనమున అరబ్బు రైతు నేలను కాపాడలేనివాడుగా, సంచారజీవి దానిని చెరచినవాడుగా కనబడుదురు. 1948లో దాదాపు 7 లక్షలమంది పాలస్తీనా అరబ్బులు నిర్వాసితులైరి. దానికి ఒక పుస్తకము కారణమనుట తెలివితక్కువ. అయినను, నేలను సరిగా చూడనివానికి నేలపై హక్కు తగ్గునను తర్కము ఎందుకు అక్కరకు వచ్చునో ఆలోచింపక తప్పదు.

లెబనాను దేవదారు వనమును గూర్చి ఆయన వ్రాసిన భాగము ఈ సందర్భమున మరల చదువదగినది. చుట్టుకొండలు బోడివై యుండగా ఆ వనము నిలిచినది కావున వాతావరణము మారలేదని, చెరచినది గొడ్డలియు మేకయునని ఆయన వాదించిరి. వాదము బలమైనదే. అందలి ఆలయమును, మేకలను అడ్డగించిన రాతిగోడను ఆయన పేర్కొనకపోలేదు. కాని దృష్టి వెంటనే మేకపైకి మరలినది. ఆ వనమును పవిత్రముగా ఎంచి కాచినవారు ఆ కొండలవారే. షాన్సీలోను అంతియే, ఆయనకు మచ్చుగా నిలిచిన అడవిని కాచినవారు ఆలయములోని భిక్షువులు. ఆయన రెండు ప్రబలప్రమాణములును స్థానికులు కాపాడి ఉంచినవి.