చప్పుడు తగ్గింది, సంబరపడ్డాను

ఈ మధ్య మా అంబాసిడర్ చప్పుడు తగ్గింది. ఈ కాలమ్ చదివేవాళ్లకు ఆ బండిని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. 1974లో మా నాన్న కొన్న మార్క్ టూ. ఆయన పోయిన దగ్గర్నుంచీ మా ఆవిడ దాన్ని ‘మామయ్యగారు’ అంటుంది. ‘మామయ్యగారిని ఎండలో నిలబెట్టారేం?’ అని ఆవిడ వీధిలోకి కేకేస్తే ఇంటికొచ్చిన కొత్తవాళ్లు కంగారు పడతారు. బానెట్ కింద టాపెట్లు ఎప్పుడూ కుట్టుమిషన్‌లాగా టకటకమంటూ ఉండేవి. రెండు నెలలుగా ఆ మోత సన్నగిల్లింది. వయసుతోపాటు పెద్దరికం వచ్చిందనుకుని సంబరపడ్డాను. ఈ వారం ఆటోనగర్‌లో మా మేస్త్రీ గారి దగ్గర ఆ సంబరమే చెప్పుకున్నాను.

ఆయన నవ్వలేదు. ‘చప్పుడు తగ్గిందా చిన్నబాబూ? అయితే హెడ్ దించాలి’ అన్నారు. నాకు అరవై నిండినా ఆయనకింకా చిన్నబాబునే.

దీంట్లో ఉన్న తిరకాసు నాకూ తెలుసు, కాకపోతే సొంత బండి దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. వాల్వ్ కాడకీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, సందు ఉండాలి. మిల్లీమీటరుని వంద వంతులు చేస్తే అందులో నలభై వంతులైనా లేదు. ఇంజను వేడెక్కితే వాల్వ్ కాడ సాగుతుంది కాబట్టి దానికా చోటు వదిలిపెడతారు. ఆ సందులో రాకర్ తగిలినప్పుడల్లా వచ్చేదే టకటక. ఇంజనుకి మూతలాంటి హెడ్‌లో వాల్వ్ కూర్చునే సీటు అరిగిందనుకోండి, వాల్వ్ లోపలికి దిగుతుంది, దాని తోక పైకి లేస్తుంది, సందు మూసుకుపోతుంది. చప్పుడు తగ్గుతుంది. నాలాంటి వాడు సంబరపడతాడు. సందు పూర్తిగా పోయిందంటే వాల్వ్ ఇక సీటు మీద నిండుగా కూర్చోదు. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో వాల్వ్ సెకనుకి పాతికసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. నిప్పులాంటి పొగలో మండే ఎగ్జాస్ట్ వాల్వ్ ఒంట్లో వేడి చాలావరకు సీటులోకి దిగేది, అది కూర్చున్న ఆ కాసేపట్లోనే. కూర్చోనివ్వకపోతే కాలిపోతుంది.

కాలిపోయింది కూడా. కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే మూడు సిలిండర్లు 120 పౌండ్లు దాటాయి, మూడో నంబరు మాత్రం 70 దగ్గర ఆగిపోయింది. హెడ్ దించి తిరగేస్తే అయిదో వాల్వ్ అంచు ఎలుక కొరికిన అప్పడంలా ఉంది. దాని పక్క నాలుగోదీ ఎగ్జాస్టే. ఈ ఇంజను గీసిన ఇంగ్లీషువాళ్లు రెండిళ్లకీ కలిపి ఒకటే పొగగొట్టం పెట్టారు. నడిమింటి వేడి నడిమింటికే తెలుస్తుంది. చాంబర్లు మాత్రం ఎంత అందంగా ఉంటాయో! హారీ వెస్లేక్ అనే ఆయన వాటిని హృదయాకారంలో మలిచాడు. పేరుకున్న మసి గీకితే నాలుగు గుండెలు బయటపడ్డాయి.

మేస్త్రీ గారి మనవడు డిప్లొమా చదివాడు. చూడగానే, ‘అంకుల్, సీట్లకి రింగులు వేయించేద్దాం, వాల్వులు కొత్తవి’ అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. బాగుచేసుకోగలిగినదాన్ని మార్చడం పాపమని గొడుగుల మీదా, కుక్కర్ల మీదా, సైకిళ్ల మీదా ఇక్కడ ఎన్ని వారాలు రాశానో మీకు తెలుసు. ‘ఆ ఒక్క వాల్వూ మార్చి, మిగతావి పేస్టు పెట్టి చేత్తో రుద్దుకుంటే చాలదుటయ్యా?’ అన్నాను. ఆ రుద్దడం నాకొచ్చు. ఇదే షెడ్డులో నేర్చుకున్నాను.

1979 వేసవి సెలవులు. ఊరికే తిరుగుతున్నానని మా నాన్న నన్ను తెచ్చి ఇక్కడ పడేశారు. అప్పటికి మేస్త్రీ గారికి ముప్పై ఏళ్లుంటాయి. నాకు మొదట ఇచ్చిన పని అట్టపెట్టెకి ఎనిమిది చిల్లులు పొడిచి, అంకెలు వేసి, పుష్ రాడ్లు వరసగా గుచ్చడం. వాల్వులకీ అంతే. ఏ వాల్వ్ ఏ సీటులోంచి వచ్చిందో మళ్లీ ఆ సీటులోకే పోవాలి. ఆర్టీసీ బస్సులో తువ్వాలు పడేసి ఆపుకున్న సీటు లాంటిది, ఇంకోడు కూర్చుంటే ఊరుకోదు. వారం తర్వాత రుద్దే కర్ర చేతికిచ్చారు. దాని కొసన రబ్బరు కప్పు ఉంటుంది. దాన్ని తడి చేసి వాల్వ్ మొహానికి అంటించి, అంచుకి గ్రైండింగ్ పేస్టు చుక్కలు చుక్కలుగా పెట్టి, కర్రని రెండరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. చూడగానే మా అమ్మమ్మ కవ్వం గుర్తొచ్చింది. ఆవిడ దగ్గర నేర్చింది ఇక్కడ పనికొచ్చింది. కానీ మజ్జిగకి లేని నియమం ఒకటుంది. నాలుగు తిప్పులకోసారి వాల్వ్‌ని ఎత్తి, పావు చుట్టు జరిపి, మళ్లీ దింపాలి. లేకపోతే ఒకేచోట గీతలు పడతాయి.

ఎప్పుడు ఆపాలో కళ్లకంటే ముందు చెవికి తెలుస్తుంది. మొదట ఇసుక మీద చెప్పులీడ్చినట్టు గరగరమంటుంది. మెల్లగా ఆ గరుకు చచ్చి, సున్నం నూరుతున్నట్టు మెత్తబడుతుంది. పేస్టు తుడిచి చూస్తే వాల్వ్ చుట్టూ ఎక్కడా తెగని సన్నటి బూడిదరంగు పట్టీ. దాన్ని చూస్తే ఆ వయసులో నాకు వెండి మొలతాడులా అనిపించింది. తర్వాత అంతా కిరోసిన్‌తో కడగాలి. పేస్టు పిసరు మిగిలినా గైడ్‌ని కొరుక్కు తినేస్తుంది. స్ప్రింగులు వేసి, హెడ్ బోర్లించి, నాలుగు గుంటల్లోనూ కిరోసిన్ పోసి, టీ తాగొచ్చి పోర్టుల్లోకి వేలు పెట్టి చూడాలి. తడి తగలకపోతే పాసు. నేను నా మొదటి వాల్వ్‌ని ఒక పూటంతా రుద్దాను. అద్దంలా తెస్తే మెచ్చుకుంటారనుకున్నాను. మేస్త్రీ గారు చూసి నెత్తి మీద ఒక్కటిచ్చారు. సీటు వెడల్పై, వాల్వ్ గోతిలో దిగబడింది. ‘నువ్వు రుద్దింది వాల్వ్‌ని కాదు, హెడ్‌ని’ అన్నారు.

ఈ వారం ఆ మాట నేను మర్చిపోయినా ఆయన మర్చిపోలేదు. ‘ఈ హెడ్ మీద ఇప్పటికి ఎన్నిసార్లు రుద్దామో లెక్కుందా చిన్నబాబూ? రుద్దిన ప్రతిసారీ కాస్త పోయింది. ఇంక రుద్దడానికి ఏముందక్కడ?’

నాకు కోపం వచ్చినప్పుడల్లా తిట్టడానికి ఒకటుంది, సీసం లేని పెట్రోలు. నా పాఠకుల్లో కొందరు దీన్ని ‘సీసపద్యం’ అని వెక్కిరిస్తూ ఉత్తరాలు రాశారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చింది. అప్పటిదాకా పెట్రోల్లోని సీసం మండి సీటు మీద సన్నటి పూతలా పేరుకునేది. ఎర్రగా కాలిన వాల్వ్ పోత ఇనుము సీటుకి అతుక్కోకుండా ఆ పూతే కాపాడేది. అది లేకపోతే వాల్వ్ మూసుకున్నప్పుడల్లా రవ్వంత అతుక్కోవడం, తెరుచుకున్నప్పుడల్లా రవ్వంత పీక్కురావడం. సీటు అలా దిగిపోతుంది. కాబట్టి దోషం ఎవరిదో నేను ఎప్పుడో తేల్చేశాను.

‘పాతికేళ్లుగా అదే పెట్రోలు కదా. మరి ఇప్పుడే ఎందుకరిగింది?’ అన్నాడు మనవడు. ఊళ్లో నలభైలో తిరిగే బండికి ఈ జబ్బు అంతగా పట్టదట. వేగం, బరువు, వేడి కావాలి. పోయిన ఏడాది మనవరాలు పుట్టిందన్న వంకతో హైదరాబాదుకి ఎన్నిసార్లు వెళ్లొచ్చానో లెక్కవేశాను. ఒక్కో వైపు 270 కిలోమీటర్లు. హైవే మీద కొత్త కార్లు దాటిపోతుంటే రోషానికి ముల్లు తొంభై దాటించిన మాట వాస్తవం. పెట్రోలు మీద వేసిన నేరంలో సగం నా కుడికాలిది.

మిగతా సగం కూడా నిలబడలేదు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోల్లో సీసం కలిపింది వాల్వుల కోసం కాదు, ఇంజను కొట్టుకోకుండా ఉండటానికి. వాల్వులకి జరిగింది కొసరు మేలు. ఆ కొసరు పోయిందని నేను ఇన్నేళ్లు ఏడుస్తున్నాను. ఈ షెడ్డులో నాతోపాటు పనిచేసిన కుర్రాళ్లు గుర్తొచ్చారు. ట్యాంకులో రబ్బరు గొట్టం పెట్టి నోటితో పెట్రోలు లాగి, ఉమ్మేసి, అదే పెట్రోలుతో నట్లూ చేతులూ కడుక్కుని, అన్నం క్యారియర్ విప్పేవాళ్లు. అందులోని సీసం చర్మంలోంచి కూడా దిగుతుందని మాకెవరూ చెప్పలేదు. రోడ్డు మీద ఆ పొగ పీల్చిన బడిపిల్లలకి ఎవరు చెప్పారు? చిట్టచివరికి 2021లో అల్జీరియా కూడా సీసం పెట్రోలు అమ్మడం ఆపేసింది. మా అయిదో వాల్వ్ కోసం అది ఇంకా ఉండాల్సిందని అనగలనా? ఇదిగో, సీసపద్యం ఇక చదవను.

‘రింగులు వెయ్యండి’ అన్నాను.

లేత్ షాపులో పాత సీట్లు తొలిచి, గుంట కంటే మూడు నాలుగు థౌ పెద్దవైన గట్టి ఉక్కు రింగులు ప్రెస్ మీద దింపి, నలభై అయిదు డిగ్రీల్లో కోశారు. చేత్తో రుద్దే పని దాదాపు లేదు. నా మొహం చూసి జాలేసిందేమో, మేస్త్రీ గారు కర్ర చేతికిచ్చి, ‘నాలుగు తిప్పులు, అంతే’ అన్నారు. అయిదోదాన్ని తిప్పాను. రెండో తిప్పుకే మెత్తబడింది. ఆపాను.

హెడ్ ఎక్కించి, మధ్యలోంచి అంచులకి వరసగా నట్లు బిగించారు. టాపెట్లకి తొమ్మిది లెక్క. ఏ వాల్వ్ పూర్తిగా తెరుచుకుని ఉందో దాని అంకెని తొమ్మిదిలోంచి తీసేస్తే, సందు సవరించాల్సింది ఏదో తెలుస్తుంది. నాలుగోది తెరుచుకుంటే అయిదోది సవరించాలి. నేను లెక్క చెప్తుంటే మనవడు ఫీలర్ గేజ్ దూర్చాడు. స్టార్ట్ చేస్తే మామయ్యగారు ఒక్కసారి దగ్గి, టకటకమని అందుకున్నారు.

‘ఒకటి మరీ ఎక్కువ మోగుతున్నట్టుంది మేస్త్రీ గారూ’ అన్నాను.

‘మోగనివ్వండి. 500 కిలోమీటర్లు తిప్పి తీసుకురండి, నట్లూ టాపెట్లూ మళ్లీ చూద్దాం’ అంటూ చేతులు తుడుచుకున్నారు. తర్వాత నా కుడికాలి చెప్పు వైపు చూసి, ‘అరవైలో’ అన్నారు.